చేతికి బలపం కంటే ముందు చెవికి పని

తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరుస్తున్నందుకు ముందుగా ధన్యవాదాలు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు బడికి ముందు చదువు ఉచితంగా ఏర్పాటు చేయవచ్చని 2009 నాటి విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. "చేయాలి" అని లేదు, "చేయవచ్చు" అని ఉంది. ఆ ఒక్క మాట చాటున చాలా ఏళ్లు గడిచిపోయాయి. నర్సరీకని ప్రైవేటు బడి బస్సెక్కిన పిల్ల ఒకటో తరగతికి మళ్లీ ఊరి బడికి రావడం అరుదని ఏ హెడ్మాస్టరును అడిగినా చెబుతారు. కాబట్టి గది తెరవడం సరైన పనే. ఆ గదిలో రోజంతా ఏం జరగాలన్నదాని గురించే ఈ లేఖ. చిన్నపిల్లల తరగతుల్లో పనిచేసేవాళ్లం, ఆ పనికి శిక్షణ ఇచ్చేవాళ్లం కలిసి రాస్తున్నాం.

మా భయం ఒకటే. ఒకటో తరగతి పాఠాన్నే కాస్త నెమ్మదిగా చెబితే పూర్వ ప్రాథమిక తరగతి అయిపోతుందనుకుంటారేమోనని. నాలుగేళ్ల పిల్లకు నాలుగు గీతల కాపీ పుస్తకం, ఏ నుంచి జడ్ దాకా, ఒకటి నుంచి వంద దాకా, సాయంత్రం హోంవర్కు. తల్లిదండ్రులకు ముచ్చటగా ఉంటుంది. తనిఖీకి వచ్చినవారికి చూపించడానికి పుస్తకం నిండుగా ఉంటుంది. పిల్లకు మాత్రం పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

రాతతోనే మొదలుపెడదాం, అందరి కళ్లూ దానిమీదే కాబట్టి. పిల్లలకు చేతి గీత ఒక వరసలో వస్తుంది. మూడేళ్లకు సున్న చుట్టగలరు, నాలుగేళ్లకు కూడిక గుర్తు వేయగలరు, చతురస్రం ఐదేళ్ల దగ్గర పడుతుంది, త్రిభుజం ఇంకాస్త తరవాత. కాస్త అటూ ఇటూ కావచ్చు గానీ ఈ వరసను ఏ టీచరూ మార్చలేరు. ఇప్పుడు బజారులో దొరికే నర్సరీ పుస్తకాలు తెరిచి చూడండి. మొదటి పేజీల నిండా "స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్". ఇంగ్లిష్ పెద్దక్షరాలకు అవి సరే. తెలుగు లిపిలో నిటారు గీతలు ఎన్ని ఉన్నాయి? మనదంతా గుండ్రాల లిపి. సున్న చుట్టి పైన తలకట్టు పెడితే ర. ఆ సున్న లోపల చుక్క పెడితే ఠ. చేయి సాఫీగా గుండ్రం తిరగడమే మన పిల్లలకు మొదటి పాఠం, అది ఆ పుస్తకాల్లో లేదు.

దానికి ఖర్చు కూడా ఏమంత లేదు. అంచున్న పళ్లెంలో జల్లించిన సన్న ఇసుక పలచగా పరచాలి, వేలు తిప్పితే పళ్లెం అడుగు కనిపించేంత పలచగా. మందంగా పోస్తే గీసిన గాడి కూలిపోయి ఆకారం కనబడదు, పిల్ల విసుగెత్తి ఇసుక ఎగజల్లుతుంది. రవ్వ వాడొచ్చు గానీ రెండో రోజుకే చీమలు పడతాయి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి పిల్ల వేలు పట్టుకుని రాయిస్తాం కదా, మన పెద్దలు ఎంచుకున్న పద్ధతి ఇదే. మర్నాడే ఆ వేలికి పెన్సిల్ తగిలించడం దగ్గర మనం తొందరపడుతున్నాం. ఇసుక తరవాత పుట్టమన్నో చెరువు ఒండ్రో పిసకాలి. అది దొరక్కపోతే రెండు గ్లాసుల మైదాకు ఒక గ్లాసు ఉప్పు వేసి కలిపిన ముద్ద. ఉప్పు ఉంటే తొందరగా పాడవదు, నోట్లో పెట్టుకున్న పిల్ల రెండోసారి పెట్టుకోదు. వేళ్లకు బలం వచ్చేది అక్కడే. ఆ తరవాత సుద్దముక్కలు, క్రేయాన్లు, అవీ విరిచి అంగుళం ముక్కలుగా ఇవ్వాలి. పొడుగు క్రేయాన్‌ను పిల్ల గుప్పిట బిగించి పట్టుకుంటుంది. ముక్కను అలా పట్టలేదు గనక బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వాటంతటవే చోటు వెతుక్కుంటాయి. చుక్కలు కలిపి అక్షరం దిద్దించే పుస్తకాలు దయచేసి కొనిపించకండి. చుక్క నుంచి చుక్కకు ఆగి ఆగి వెళ్లడంతో చేతికి ఒరవడి రాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని పిల్ల కింది నుంచి పైకి దిద్దుతుంది, ఆ తప్పు మూడో తరగతి దాకా వెంట వస్తుంది.

రాత కంటే ముందు చెవి. చదవడం వచ్చే ముందు మాటలో ముక్కలున్నాయని వినబడాలి. ప-ల-క అని మూడు చప్పట్లు, చం-ద-మా-మ అని నాలుగు. చెమ్మచెక్క ఆడే ఈడు పిల్లలకు ఇది ఆటే. మొదట తమ పేర్లకు చప్పట్లు, తరవాత "క తో మొదలయ్యేవి చెప్పండి", ఆ తరవాత "టమాటలో చివరి ముక్క తీసేస్తే ఏం మిగిలింది?". రోజుకు పది నిమిషాలు చాలు, పలక అక్కర్లేదు. తెలుగులో ఒక చిక్కు మాత్రం శిక్షణ ఇచ్చేవారు గుర్తుపెట్టుకోవాలి. "అమ్మ" అన్నప్పుడు చెవికి వినిపించేది అమ్-మ. రాసేది అ-మ్మ. పుస్-త-కం అని వింటాం, పు-స్త-కం అని రాస్తాం. మొదటి ముక్క చివర విన్న శబ్దం రాతలో రెండో ముక్కలోకి జారుతుంది. రెండో తరగతిలో ఒత్తుల దగ్గర పిల్లలు కూలబడడానికి పెద్ద కారణం ఇదే, బద్ధకం కాదు. చెవి తయారైన పిల్ల ఆ జారుడును పట్టుకోగలదు. ఒత్తులన్నీ బట్టీ పట్టినా చెవికి పని ఇవ్వని పిల్ల పట్టుకోలేదు.

లెక్కల దగ్గరా ఇలాంటి మోసమే. యాభై దాకా గడగడా అప్పజెప్పే పిల్ల ముందు చింతగింజల కుప్ప పోసి "ఏడు తీసివ్వు" అనండి, గుప్పెడు తీసి చేతిలో పెడుతుంది. లెక్కపెట్టమంటే లెక్కపెడుతుంది. వెంటనే "మొత్తం ఎన్ని?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. ఆఖర్న చెప్పిన అంకే మొత్తమని ఇంకా తెలియలేదన్నమాట. పదిలోపు వస్తువులతో ఏడాదంతా గడిపినా తప్పులేదు. మరో సంగతి: పదమూడు అంటే పది, మూడు. పద్నాలుగు, పదిహేను, పదిహేడు కూడా అంతే. పన్నెండు, పంతొమ్మిది కాస్త దాక్కుంటాయి గానీ మిగతావాటిలో పది చెవికి తగులుతూనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో థర్టీన్‌కూ థర్టీకీ తేడా ఐదేళ్ల చెవికి అందదు. తెలుగు అంకెలు వస్తువులతో కుదిరాక ఇంగ్లిష్ పేర్లు పెట్టడం నాలుగు వారాల పని. తిరగేసి చేస్తే రెండూ చెడతాయి.

ఇంగ్లిష్ వద్దని మేమనడం లేదు. తల్లిదండ్రులు కోరేదే అది, వాళ్లను తప్పుపట్టలేం. రోజుకు అరగంట, మాటగా మాత్రమే ఉండాలి: పలకరింపులు, చిన్న పాటలు, "కూర్చో, లే, తలుపు తెరువు" లాంటి చేసి చూపించే ఆజ్ఞలు. చదవడం, రాయడం వద్దు. ఇంటి మాటకు మాత్రం చోటు తగ్గొద్దు. బొమ్మ చూపించి ఇదేంటంటే పిల్ల "మక్క కంకి" అంటుంది. "కాదు, మొక్కజొన్న" అని టీచరు దిద్దితే మర్నాడు ఆ పిల్ల నోరు విప్పదు. "అవును, మక్క కంకి. మొక్కజొన్న అని కూడా అంటారు" అంటే రెండు మాటలు దక్కుతాయి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో, భద్రాద్రి కోయ పల్లెల్లో, లంబాడా తండాల్లో పిల్లకు బడి తెలుగే రెండో భాష. అక్కడ ఆయమ్మనైనా ఆ భాష తెలిసిన మనిషిని పెట్టాలని ఉత్తర్వులోనే రాయండి. కోరికగా రాస్తే అది జరగదు.

ఇక మనుషుల సంగతి. 2013 జాతీయ శైశవ సంరక్షణ, విద్యా విధానం లెక్క ప్రకారం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలి. ముప్పై మందికి కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట మరో 30 చదరపు మీటర్ల ఆటస్థలం కావాలి. రోజుకు మూడు నాలుగు గంటలే కార్యక్రమం. టీచరుతో పాటు ఆయమ్మ ఉంటే ఈ లెక్క సర్దుకుంటుంది, అయితే ఆయమ్మ ఆ గదిలోనే ఉండాలి. బడి మొత్తం ఊడవడానికి, మధ్యాహ్న భోజనం వడ్డించడానికి ఆమెను పిలిస్తే గదిలో ఒక్కరే మిగులుతారు. ఒక్కరే ఉంటే పాతిక మందిని కూర్చోబెట్టి అప్పజెప్పించడం తప్ప వేరే దారి ఉండదు. కథ పన్నెండు మందికే పనిచేస్తుంది, పాతిక మందికి చెబితే అది ఉపన్యాసం. సగం మంది కథలో ఉంటే మిగతా సగం ఇసుక, కట్టెముక్కల దగ్గర ఆయమ్మతో ఉండాలి. అదే కథ మూడు రోజులు నడపాలి. మొదటిరోజు వింటారు, రెండోరోజు టీచరు ఆపిన చోట పిల్లలు పూరిస్తారు, మూడోరోజు బొమ్మలు పట్టుకుని వాళ్లే చెబుతారు. రోజుకో కొత్త కథ అన్న సిలబస్ రాస్తే ఆ మూడో రోజు ఎప్పటికీ రాదు.

అన్నిటికంటే చిన్న విషయంగా కనిపించే కుళాయి గురించి కాస్త ఎక్కువే రాస్తాం, ఓపిక పట్టండి. ఒకే కుళాయి, పాతిక మంది పిల్లలు, ఒక్కొక్కరు సబ్బుతో చేతులు కడగడానికి నలభై సెకన్లు. మొత్తం దాదాపు పదిహేడు నిమిషాలు. చిరుతిండి ముందు, అన్నం ముందు, మట్టి ఆట తరవాత అని మూడుసార్లు లెక్కేస్తే యాభై నిమిషాలు. నాలుగు గంటల బడిలో దాదాపు గంట వరసలో నిలబడడంలోనే పోతుంది, తోపులాటలూ ఏడుపులూ అదనం. నేల నుంచి రెండడుగుల లోపు ఎత్తులో ఒక పైపుకు ఐదు కుళాయిలు బిగిస్తే అదే పని నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. మరుగుదొడ్డి కూడా అంతే. పెద్ద తరగతుల దొడ్డి చీకటిగా, గొళ్లెం అందనంత ఎత్తులో ఉంటే పిల్ల మధ్యాహ్నం దాకా బిగబట్టుకుంటుంది, బట్టలు తడిపేసుకుంటుంది, మర్నాడు బడికి రానంటుంది. బెంచీ, బల్ల కలిసి ఉండే డ్యూయల్ డెస్కులు ఈ గదిలోకి రానీయకండి. నాలుగేళ్ల పిల్ల పాదాలు నేలకు ఆనాలంటే కూర్చునే ఎత్తు అడుగు కంటే తక్కువ ఉండాలి. చాపలు నయం.

గది తెరిస్తే చాలు, ఫలితం దానంతటదే వస్తుందనుకోవడానికి లేదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 2005లో ప్రభుత్వ బడుల్లో నాలుగేళ్ల పిల్లలకు ప్రీ-కె అనే పూర్వ ప్రాథమిక తరగతులు పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. 2,990 మంది పేద పిల్లలను ఆరో తరగతి దాకా వెంబడించిన పరిశోధన 2022లో వెలువడింది. ఏడాది చివర్లో ముందున్న ప్రీ-కె పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికి, సీటు దొరకని పిల్లల కంటే పరీక్షల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ ఫిర్యాదులూ వాళ్ల మీదే ఎక్కువ. అదే దేశంలో మిషిగన్‌లోని ఇప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్‌లో అయిదారుగురు పిల్లలకు ఒక టీచరు. పొద్దున రెండున్నర గంటల బడి, వారానికోసారి టీచరు ఇంటికి వెళ్లి తల్లితో గంటన్నర కూర్చోవడం. ఆ పిల్లల మేలు నలభై ఏళ్ల వయసులోనూ కనిపించింది. అక్కడున్నది 58 మందే, అంత తాహతు మనకు లేదు, నిజమే. కానీ నెలకు ఒక శనివారం తల్లులను గదిలో కూర్చోబెట్టి, కాపీ పుస్తకం ఎందుకు లేదో చూపించడానికి తాహతు అక్కర్లేదు. అది చేయకపోతే సంక్రాంతిలోపు తల్లిదండ్రులే కాపీ పుస్తకం కొని పంపుతారు, టీచరు కాదనలేరు.

అంగన్‌వాడీ నుంచి బడికి మారిన పిల్ల రెండు శాఖల మధ్య, అంటే మహిళా శిశు సంక్షేమ శాఖకూ మీ విద్యాశాఖకూ మధ్య, జారిపోకూడదు. నెలనెలా బరువు, ఎత్తు చూడడం, ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి విటమిన్-ఎ, నులిపురుగుల మాత్ర, ఐదేళ్లు నిండాక వేసే డీపీటీ బూస్టర్, వీటి రిజిస్టరు ఎవరి దగ్గరుండాలో రెండు శాఖలూ కలిసి ఒకే ఉత్తర్వులో చెప్పాలి. భోజనానికి ఇబ్బంది లేదు, కేంద్ర మధ్యాహ్న భోజన పథకం పీఎం పోషణ్ కింద ప్రభుత్వ బడుల్లోని బాలవాటిక (పూర్వ ప్రాథమిక తరగతి) పిల్లలకూ భోజనం ఉంది. కారం తగ్గించి విడిగా వండమని వంటమనిషికి ఎవరైనా చెప్పాలి, అంతే. తిన్నాక గంట నిద్రకు చోటు కావాలి. పిల్లలు బడికి వెళ్లిపోతే తమ కేంద్రం ఖాళీ అవుతుందన్న అంగన్‌వాడీ టీచర్ల భయం కూడా న్యాయమైనదే. వీలున్న చోట కేంద్రాన్ని బడి ఆవరణలోకే తెచ్చి, అంగన్‌వాడీ టీచరునూ, బడిలో ఈ తరగతి చూసే ఇన్‌స్ట్రక్టరునూ ఒకే శిక్షణలో కూర్చోబెట్టండి. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఇవ్వాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. బడిలోని ఇన్‌స్ట్రక్టరుకు అంతకంటే తక్కువ శిక్షణ ఇస్తే ఎలా? నాలుగు రోజుల శిక్షణ చార్టులు చేయడానికే సరిపోతుంది. ఇచ్చే శిక్షణలో కనీసం సగం రోజులు పిల్లలున్న గదిలో గడవాలి. తర్ఫీదైన మనిషిని ఏటా మార్చకండి.

ఏడాది చివర పరీక్ష పెట్టొద్దు. టీచరు చూసి రాసే చిన్న కార్డు చాలు: మూడు ముక్కల మాటకు చప్పట్లు కొడుతుందా, కుప్పలోంచి ఏడు గింజలు ఏరి ఇస్తుందా, సున్న చుట్టి తలకట్టు పెడుతుందా, మూడు బొమ్మలను కథ వరసలో పేరుస్తుందా, తన వంతు వచ్చేదాకా ఆగుతుందా. ఆ కార్డు జూన్‌లో ఒకటో తరగతి టీచరు చేతికి చేరాలి. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలని జాతీయ విధానం అంటుంటే మన దగ్గర ఐదేళ్లకే చేర్చే అలవాటు ఉంది. అది మారేదాకా, విద్యాప్రవేశ్ పేరిట ఉన్న పన్నెండు వారాల ఆటల కార్యక్రమాన్ని ఒకటో తరగతిలో నిజంగా పన్నెండు వారాలూ నడపనివ్వండి. రెండో వారానికే పాఠ్యపుస్తకం ఎంతవరకు అయిందని అడిగితే టీచరు దేన్ని పక్కన పెడతారో మీకు తెలుసు.

వీటిలో చాలావాటికి బడ్జెట్, ఉత్తర్వులు, సమయం కావాలి, అర్థం చేసుకోగలం. జూన్ 12న బడులు తెరిచేలోపు మండలానికొక ప్లంబరు చేయగల పని మాత్రం ఒకటుంది. పూర్వ ప్రాథమిక తరగతి ఉన్న ప్రతి బడిలో రెండడుగుల ఎత్తులో ఐదు కుళాయిలు, దొడ్డి తలుపుకు పిల్ల చేయి అందే గొళ్లెం.

ఇట్లు,
చిన్నపిల్లల తరగతుల ఉపాధ్యాయులు, శిక్షకులు