నూరు కోళ్ల రైతుకు వెయ్యి మోతాదుల సీసా: పశుసంవర్ధక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. నేను 120 గుడ్ల కోళ్లను సాకుతున్న చిన్న రైతును. మావంటి వారికి కోడిపిల్లలను పంచే పథకాలు అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి. అయితే ఆ పిల్లలు పెరిగి గుడ్డు పెట్టేదాకా కావలసినవేవీ మా మంద పరిమాణానికి తగినట్టు దొరకడం లేదని మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా టీకా సంగతి. కొక్కెర తెగులుకు (రాణీఖేత్ వ్యాధి) చికిత్స లేదు, టీకాయే ముఖ్యమైన రక్ష. టీకా పడని మందలో అది చొరబడితే కొద్ది రోజుల్లోనే గూళ్లు ఖాళీ అవుతాయి. మా చేతికి వచ్చే సీసా మాత్రం చాలాసార్లు 500 లేదా 1000 మోతాదులది. ఒకసారి ద్రావకంలో కలిపిన టీకాను రెండు గంటలలోపే వాడేయాలి కనుక, నా కోళ్లకు వేయగా మిగిలినదంతా పారబోయవలసిందే. ఆ నష్టానికి వెనుకాడి టీకానే మానుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. వారిని అజ్ఞానులనడం తేలిక, సీసా పరిమాణం మార్చడం అంతకన్నా తేలిక. ఇదే తెగులుకు, వేడిని కొంతమేర ఓర్చుకునే ఐ-2 రకం టీకాను ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో, టీకాను చల్లగా దాచే వీలు అంతగా లేని పల్లెలను దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. కంట్లో ఒక్క చుక్క వేస్తే సరిపోయే ఆ టీకాను, కాస్త శిక్షణ ఇస్తే, కోళ్లను చూసుకునే ఇంటి ఆడవారే వేయగలరు.

ఇక మేత. గుడ్ల ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా దాణాకే పోతుంది. కోడి తొలి గుడ్డు పెట్టడానికి 18 నుంచి 20 వారాలు పడుతుంది. ఆలోగా ఒక్కొక్కటి సుమారు 6 కిలోల మేత తింటుంది. అంటే ఒక్క పైసా రాబడి లేకుండానే నేను ఏడు క్వింటాళ్లకు పైగా కొనాలి. గుడ్లు మొదలయ్యాక మొక్కజొన్న, సోయా చెక్క ధరలు పెరిగినా, గుడ్డు ధర పడిపోయినా కోడి తినడం మానదు. పెద్ద ఫారాలు టన్నుల లెక్కన కొని నిల్వ పెట్టుకుంటాయి. మేము బస్తాల్లో కొంటాం, డబ్బు చాలక మేతలో సోయా తగ్గిస్తే గుడ్లూ తగ్గుతాయి, చవకగా దొరికిందని బూజు పట్టిన మొక్కజొన్న కొంటే అఫ్లాటాక్సిన్ విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఎండాకాలంలో కోళ్లు రొప్పుతూ మేత తగ్గించుకుంటాయి, పెంకు పలచబడుతుంది; పగిలిన గుడ్ల నష్టం కూడా మా లెక్కలోనే పడుతుంది.

బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు కోళ్లను చంపక తప్పదని మాకూ తెలుసు. పరిహారం ఎప్పుడొస్తుందో తెలియని రైతు జబ్బు కోడిని చూపడానికి జంకుతాడు, కొందరు రాత్రికి రాత్రే అమ్మేస్తారు. అందువల్ల చంపిన రోజునే లెక్క రాసి, కొద్ది రోజుల్లో సొమ్ము చెల్లిస్తేనే తెగులు సమాచారం మీ శాఖకు సకాలంలో చేరుతుంది.

గుడ్డు పెట్టని ఆ నాలుగున్నర నెలల మేతకు, రాబడి మొదలయ్యాక తీర్చుకునేలా అప్పు ఇప్పించండి. 50, 100 మోతాదుల టీకా సీసాలు తెప్పించండి. అంతవరకు నిర్ణీత తేదీన ఊరంతటికీ ఒకేసారి టీకా వేయించినా ఒక్క సీసా వృథా కాదు. నిధులు చాలవంటే, వచ్చే ఏడాది పంచబోయే కోడిపిల్లల సంఖ్యను తగ్గించి అయినా సరే, ఇప్పటికే మా గూళ్లలో ఉన్నవాటికి ముందు టీకా అందించండి.

ఇట్లు,
ఒక చిన్న గుడ్ల రైతు