మద్దిలపాలెం మందుల షాపు పెద్దాయనకి

ఆయన పేరు అడగడం కూడా తోచలేదు. విశాఖ మద్దిలపాలెం వాళ్లెవరైనా ఇది ఆయనకి చూపించండి.

తమ్ముడికి గుండెదడ, చేతుల తిమ్మిరి వస్తే పాత చీటీతో అల్ప్రాజోలం (కంగారు తగ్గించే బిళ్ల) కోసం వెళ్లాం. ఇవ్వనన్నారు. అని ఊరుకోలేదు, కౌంటరు దాటి వచ్చి స్టూలు వేశారు. ముందు ఈసీజీ సంగతి అడిగారు, ఫోన్‌లో రిపోర్టు చూశాకే మిగతా మాటలు. "నాలుగంకెలు గాలి పీల్చు నాన్నా, ఆరంకెలు వదులు." అందులోకే ఊపిరి వదిలి పీల్చమని నేను కవరు మూతికి పెట్టబోతే లాగేశారు. ఊపిరి మరీ ఎక్కువగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఊపిరి నెమ్మదిస్తే అదే సర్దుకుంటుంది. కవరు పెడితే, ఒకవేళ అది గుండెజబ్బో ఉబ్బసమో అయితే ప్రాణానికే ముప్పు. పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం, మామూలుగా పది నిమిషాల్లో బాగా ముదిరి, ఆ తర్వాత దిగుతుందట. దిగింది.

అప్పుడు చెప్పారు: అల్ప్రాజోలం వరసగా కొన్ని వారాలు వేసుకుంటే అలవాటైపోతుంది, ఠక్కున మానేస్తే దడ ఇంకా ఎక్కువవుతుంది. షెడ్యూల్ హెచ్1 మందు, అంటే అమ్మకం మీద కట్టడి ఉన్న జాబితాలోది, ఎవరు రాశారో ఎవరికి అమ్మారో రిజిస్టరులో ఎక్కించాలి. "రాయకుండా ఇచ్చేవాళ్లున్నారమ్మా. నేనివ్వను."

తన ఫోన్‌లోంచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కలిపి వాడి చేతికిచ్చారు. రోడ్డు మీద జనం చూస్తున్నారని షట్టరు సగం దించేశారు. బేరం పోతుందని కూడా చూడలేదు. అక్కడ నాకిక ఏడుపు ఆగలేదు.

అమ్మా, బావా ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పాలా.

కానీ ఒక్కటి అడుగుతాను. అంతకుముందు వెళ్లిన ప్రైవేటు ఎమర్జెన్సీలో ఈసీజీ, ట్రోపోనిన్ (గుండెకి దెబ్బ తగిలిందేమో చూసే రక్తపరీక్ష), ఎకో (గుండె స్కానింగ్) అన్నీ తీసి "నార్మలే, గ్యాస్" అని పంపేశారు. తీయడం తప్పనను, ఛాతీ పట్టేస్తే తీయాల్సిందే. థైరాయిడ్ చూడమనో, సైకియాట్రిస్టుకి చూపించమనో చీటీ చివర ఒక్క లైను రాయడానికి ఏమొచ్చింది? బిల్లులో మాత్రం లైన్లకి కొదవ లేదు.

చిన వాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల డాక్టరుగారికి దండాలు. ఎస్సిటలోప్రామ్ అనే, కంగారుకి రోజూ వేసుకునే మందు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. మొదట్లో కంగారు కాస్త పెరగొచ్చు, గుణం తెలియడానికి రెండు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, బాగుందని సొంతంగా మానొద్దు అని ముందే చెప్పారు. మళ్లీ దడ వస్తుందేమోనని బస్సు ఎక్కడం మానేస్తే భయం ముదురుతుంది కాబట్టి ముందు ఒక్క స్టాపు, అలవాటయ్యాక రెండు అన్నారు.

అయ్యో, మరిచా: వెయిటింగ్ డబ్బులు వద్దన్న ఆటో తమ్ముడు, ఓపీ లైనులో ముందుకి రానిచ్చిన గాజువాక అక్క, 14416లో తెలుగులో ఓపిగ్గా మాట్లాడినావిడ. ఇంకెవరైనా మిగిలితే కామెంట్లో తిట్టండి, చేరుస్తాను.