గ్రహణం నాటికి గ్రిడ్‌కూ ఒక పంచాంగం కావాలి

సంపాదకులకు నమస్కారం.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా కంకణ సూర్యగ్రహణం సాగనుంది. విజయవాడ, గుంటూరులకు అది పాక్షికమే అయినా, సూర్యబింబం సగానికి పైగా మరుగయ్యేది నడివేసవి మధ్యాహ్నం, అంటే సోలార్ పలకలు నిండుగా కరెంటు ఇచ్చే వేళలోనే, ఇంటింటా ఏసీలు నడిచే వేళలోనే. దీనికి ఇప్పటి నుంచే సిద్ధం కావాలని విద్యుత్ అధికారులను కోరుతున్నాను.

మబ్బు ఒక సోలార్ పార్కును కమ్మితే మరొకటి ఆదుకుంటుంది. గ్రహణం మాత్రం కర్నూలు సీమలోని 1,000 మెగావాట్ల పార్కునూ, కర్ణాటకలోని పావగడనూ, తమిళనాడులోని కముదినీ కొద్ది నిమిషాల తేడాతో ఒక్కసారే పట్టి, ఒక్కసారే విడుస్తుంది. పట్టు కంటే విడుపే కష్టం కావచ్చు: 2015 మార్చి 20 ఉదయం జర్మనీలో గ్రహణం వీడేసరికి సూర్యుడు మరింత పైకి రావడంతో, ఉత్పత్తి తగ్గినదానికంటే వేగంగా పెరిగింది. ముందే సన్నద్ధమైనందున అక్కడ సరఫరా నిలిచిపోలేదు.

2020 జూన్ 21న మా పెరట్లో వేపచెట్టు కింద ఎండచుక్కలన్నీ నెలవంకలుగా మారాయి; అదే వేళ మేడ మీది సోలార్ ఇన్వర్టర్‌లో కరెంటు అంకె మెల్లగా దిగుతూ పోయింది. అమ్మ ఊరగాయ జాడీలపై దర్భలు వేసి, విడుపు స్నానానికి మోటారు వేయమంది. ప్రతి ఇంట్లోనూ మోటారు, ఆ వెంటనే వంట మొదలయ్యే ఆ అరగంట లెక్క కూడా లోడ్ అంచనాల్లోకి రావాలి.

మనకు అనుభవం లేకపోలేదు. 2020 ఏప్రిల్ 5 రాత్రి, కోవిడ్ వేళ ప్రధాని పిలుపుతో దేశమంతా దీపాలార్పిన 9 నిమిషాల్లో డిమాండ్ సుమారు 31,000 మెగావాట్లు పడిపోయినా, ముఖ్యంగా జలవిద్యుత్ కేంద్రాలను తగ్గించి, పెంచి గ్రిడ్‌ను నిలబెట్టారు. అయితే మే నెలలో శ్రీశైలం, సాగర్‌లలో నీరు అడుగంటుతుంది కాబట్టి, ఆ రోజుకు కావలసిన నీటిని అంతకుముందు వానాకాలంలోనే లెక్కగట్టి ఉంచాలి.

వ్యవసాయానికి పగటిపూట ఇచ్చే 9 గంటల సరఫరాను ఆ రోజుకు స్పర్శకు (గ్రహణం పట్టడానికి) ముందుకో, మోక్షం (పూర్తిగా విడవడం) తరువాతకో జరపవచ్చు. రైతుకు ఆ మాట వారం ముందే చేరాలి. గుణదలలోని విద్యుత్ సౌధ నుంచి ఫీడర్ల (కరెంటు చేరవేసే లైన్ల) వారీగా వేళలు ప్రకటించి, గ్రహణ సమయాల పక్కనే పత్రికల్లో అచ్చు వేయించాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ