దారి అద్దె కూడా లెక్కలో వేసుకో

అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. పట్నంలో అద్దె మళ్లీ పెంచారని, ఇక ఏదైనా పల్లెలో ఇల్లు చూసుకుని అక్కడి నుంచే ఉద్యోగానికి వెళ్లివస్తానని రాశావు. ఆలోచన నాకు నచ్చింది. మీ అమ్మ మాత్రం ఉత్తరం చదివినప్పటి నుంచి "ఒక్కతే రాత్రిపూట ఆ దారిలో ఎలా వస్తుంది?" అని అడుగుతూనే ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను. ఉద్యోగమంతా జమాఖర్చులు రాస్తూ గడిపినవాణ్ని కాబట్టి ముందు లెక్క చెబుతాను. విసుక్కోకు.

నువ్వు రెండు ఇళ్లు చెప్పావు. ఆఫీసుకు 18 కిలోమీటర్ల దూరంలో రెండు గదుల వాటా ఒకటి, 41 కిలోమీటర్ల దూరంలో పెరడుతో సహా విడి ఇల్లు ఒకటి. రెండోదాని అద్దె ఇంకా తక్కువని, పెరట్లో పెద్ద చెట్టు కూడా ఉందని మురిసిపోయావు. చెట్టు సంగతి పక్కన పెడదాం.

నెలకు 22 పనిరోజులనుకో. ఇల్లు ఒక్క కిలోమీటరు దూరం జరిగితే రానూ పోనూ కలిపి నెలకు 44 కిలోమీటర్లు పెరుగుతాయి. ఆ రెండు ఇళ్ల మధ్య తేడా 23 కిలోమీటర్లు. అంటే నెలకు 1,012 కిలోమీటర్లు, ఏడాదికి పన్నెండు వేల పైచిలుకు. ఇప్పుడు నీ బండికి కిలోమీటరుకు ఎంత ఖర్చవుతుందో తేల్చు. పెట్రోలు ఒక్కటే లెక్కేసి ఊరుకోకు. టైర్లు, ఇంజన్ ఆయిల్, బ్రేకులు, సర్వీసింగు, బీమా, ఏటేటా తగ్గిపోయే బండి విలువ అన్నీ కూడి, ఏడాదిలో తిరిగిన కిలోమీటర్లతో భాగించు. వచ్చిన అంకె నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. దాన్ని 44తో గుణించు. అద్దెలో నెలకు మిగిలే మొత్తాన్ని ఈ గుణకారం ఫలితంతో భాగిస్తే, ఎన్ని కిలోమీటర్లు దూరం జరిగినా నష్టం లేదో తెలుస్తుంది. ఆ హద్దు దాటాక మిగిలిందనుకున్న అద్దె మెకానిక్‌కూ పెట్రోలు బంకుకూ పోతుంది.

సమయం ఇంకా మొండి లెక్క. మ్యాపు చూపించిన ప్రకారమే ఒక వైపుకు దగ్గరిది 25 నిమిషాలు, దూరంది 50 నిమిషాలు అనుకుందాం. తేడా నెలకు పద్దెనిమిది గంటలు దాటుతుంది. ఎనిమిది గంటల పనిరోజులు రెండు పూర్తిగా పోయినట్టే, అదీ జీతం లేకుండా. ఇందులో ట్రాఫిక్ ఆగిపోవడాలు లేవు, వర్షం లేదు, పంక్చరు లేదు.

దూరం పోయేకొద్దీ అద్దె ఎందుకు తగ్గుతుందో 1826లోనే జర్మనీకి చెందిన యోహాన్ హైన్రిష్ ఫాన్ థ్యూనెన్ అనే భూస్వామి వివరించాడు. బజారుకు సరుకు చేరవేసే ఖర్చు పెరిగేకొద్దీ పొలం నుంచి వచ్చే కౌలు ఆ మేరకు తగ్గుతుందన్నాడు. 1960లలో విలియం అలాన్సో అనే ఆర్థికవేత్త అదే తర్కాన్ని పట్టణాల్లోని ఇళ్లకు వర్తింపజేశాడు. కాబట్టి పల్లెలో తక్కువ అద్దె అడిగే యజమాని నీకేమీ దానం చేయడం లేదు. నువ్వు దారికి కట్టబోయేదాన్ని ముందే తీసేసి అడుగుతున్నాడు, అంతే.

అలాగని దూరమంతా చెడ్డదని చెప్పను. ఆ సిద్ధాంతంలో ఉద్యోగాలన్నీ ఊరి నడిబొడ్డున ఉంటాయి. నీ ఆఫీసు పట్నం అంచున ఉంది. అందుకే పట్నం చుట్టూ కాకుండా నీ ఆఫీసు చుట్టూ వెతుకు. కిలోమీటర్లతో గుండ్రంగా గీత గీయడం కూడా పనికిరాదు. పొద్దున ఆఫీసు వేళకు ముప్పావు గంటలో చేరగల చోట్లన్నీ మ్యాపు మీద గుర్తుపెట్టు. గుండ్రటి ఆకారం రాదు, పెద్ద రోడ్డు వెంట చేతులు చాచినట్టు, మిగతా వైపుల కుంచించుకుపోయి వస్తుంది. పట్నానికి వ్యతిరేక దిశలో, మంచి రోడ్డు వెంట ఉన్న పల్లె పది కిలోమీటర్లు ఎక్కువైనా త్వరగా చేరుస్తుంది, ఎందుకంటే పొద్దున పట్నం లోపలి రద్దీ దాకా పోకముందే నువ్వు ఆఫీసు దగ్గర ఆగిపోతావు. మీ ఆఫీసు వెనక వైపున్న పల్లెలు ఒక్కటి కూడా నీ ఉత్తరంలో కనబడలేదు. అటు చూడలేదా?

ఇంకొక మాట. స్విట్జర్లాండ్‌లో పనిచేసే ఆలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రై అనే ఆర్థికవేత్తలు జర్మనీలో ఏళ్ల తరబడి జరిగిన సర్వేలను పరిశీలించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. రోజూ ఎక్కువసేపు ప్రయాణం చేసేవాళ్లకు ఆ కష్టానికి సరిపడా మంచి ఇల్లో, ఎక్కువ జీతమో దొరుకుతూ ఉండాలి కదా, లేకపోతే ఎందుకు చేస్తారు? తీరా చూస్తే ప్రయాణం పెరిగేకొద్దీ జీవితం మీద వాళ్ల తృప్తి తగ్గుతూనే ఉందని తేలింది. ఇల్లు చూసే రోజున గదులు కనిపిస్తాయి, పెరడు కనిపిస్తుంది. రోజూ పోయే గంటన్నర కనిపించదు. నువ్వు ఆ చెట్టు గురించి నాలుగు వాక్యాలు రాసి రోడ్డు గురించి ఒక్కటీ రాయకపోవడం చూసి నాకు ఈ పత్రమే గుర్తొచ్చింది.

ఇంటి నుంచి వారానికి రెండు రోజులు పనిచేయనిస్తామని మీ ఆఫీసులో అన్నారని రాశావు. అది నిజమైతే లెక్క మారుతుంది. నెలకు 13 రోజులే వెళ్లాల్సి వస్తే 41 కిలోమీటర్ల ఇంటికి కూడా 1,066 కిలోమీటర్లే, 22 రోజులైతే 1,804. కానీ "అన్నారు" అనే మాట మీద ఇల్లు తీసుకోకు. పై అధికారి మారితే ఆ మాట కూడా మారుతుంది. కాగితం మీద రాయించుకున్నాకే దూరపు ఇంటిని లెక్కలోకి తీసుకో.

వెతకడం గురించి అడిగావు. పల్లెల్లో అద్దె ఇళ్లకు ప్రకటనలు అరుదు, మాటే ప్రకటన. ఉత్తరాలు పంచే వ్యక్తికి ఏ ఇల్లు ఖాళీగా ఉందో ఊళ్లో అందరికంటే ముందు తెలుస్తుంది. బడిలో టీచర్లు, ఆరోగ్య కేంద్రంలో నర్సులు బయటినుంచి వచ్చి అద్దెకుండేవాళ్లే, వాళ్లను అడుగు. మీ ఆఫీసులోనే ఆ దిక్కు నుంచి వచ్చేవాళ్లు ఉంటారు. ఇల్లు దొరక్కపోయినా బండి కలిసి పంచుకునే తోడు దొరకవచ్చు, అప్పుడు దారి ఖర్చు సగమవుతుంది. ఫొటోలు మాత్రమే పంపి, తను దూరదేశంలో ఉన్నానని, తాళం తర్వాత పంపుతానని, ముందు అడ్వాన్సు వేయమని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇవ్వకు.

పల్లె యజమానికి అద్దె ఒక్కటే ముఖ్యం కాకపోవచ్చు. పిల్లలు వెళ్లిపోయాక ఖాళీగా పడున్న ఇల్లు పాడైపోతుందనే బెంగ చాలామందికి ఉంటుంది. మనిషి మసలని ఇంటికి తేమ పడుతుంది, చెదలు పడతాయి. శుభ్రంగా చూసుకునే మనిషి కుదిరితే అద్దె తగ్గించేవాళ్లుంటారు. రంగులు వేయించుకుంటాను, కిటికీలు బాగుచేయించుకుంటాను, ఆ ఖర్చు అద్దెలో తీసేయండి అని అడుగు. రెండేళ్లు ఉంటానంటే ఇంకొంచెం తగ్గవచ్చు. అయితే ఏ పనికి ఎంత తీసేస్తారో పని మొదలుపెట్టకముందే రాసుకోవాలి. వారసత్వపు ఇల్లయితే మరో జాగ్రత్త కావాలి. అన్నదమ్ములు నలుగురిలో ఒకరు అద్దెకిస్తే, ఆర్నెల్లకు రెండోవారు వచ్చి నువ్వెవరంటారు. ఇచ్చే హక్కు ఎవరికుందో కాగితాలు చూసి తేల్చుకో.

ఇప్పుడు దారి. నువ్వు ఆ ఇళ్లను సెలవురోజు మధ్యాహ్నం చూశావు. అప్పుడు ఏ దారైనా బాగానే ఉంటుంది. పనిరోజు సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా ఆ ఇంటికి బండి మీద వెళ్లు. మర్నాడు పొద్దున అక్కడి నుంచి ఆఫీసుకు బయల్దేరి చూడు. రైల్వే గేటు ఎంతసేపు పడుతోంది, బడి వదిలే వేళకు రోడ్డు ఎలా ఉంది, కోతల కాలంలో ట్రాక్టర్ల వెనక ఎంతదూరం మెల్లగా పోవాలి, రాత్రి రోడ్డు మీద పశువులు పడుకుంటాయా, ఇవన్నీ కనుక్కో. మధ్యలో వాగు మీద చప్టా ఉంటే, గట్టి వాన పడినప్పుడు నీళ్లు ఎన్ని గంటలకు తీస్తాయో ఊళ్లో అడుగు. ఊరికి రెండు దారులుంటే మంచిది. ఒక్కటే ఉంటే, అది మూసుకున్న రోజు నువ్వు రాత్రి ఎక్కడుంటావో ముందే ఆలోచించిపెట్టుకో. బస్సు మీద ఆధారపడితే మొదటి బస్సు కంటే చివరి బస్సు వేళ ముఖ్యం. సాయంత్రం తిరిగి రావడానికి ఆ చివరి బస్సు ఒక్కటే ఉంటే అసలు బస్సే లేదనుకో.

ఇంటి లోపల నేను మొదట చూసేది నీళ్లు. బావి నీళ్లో, బోరు నీళ్లో అయితే పరీక్షకు ఇవ్వు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఇ.కోలై బ్యాక్టీరియా అసలు ఉండకూడదు. నైట్రేటు లీటరుకు 50 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పొలాల మధ్య బావుల్లోకి ఎరువుల నుంచి, పశువుల పెంట నుంచి నైట్రేటు దిగుతుంది. మరగకాస్తే బ్యాక్టీరియా చస్తుంది కానీ నైట్రేటు పోదు. నీళ్లు ఆవిరైనకొద్దీ మిగిలినవాటిలో దాని మోతాదు పెరుగుతుంది కూడా. "కాచుకుని తాగితే సరి" అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుపెట్టుకో. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, బావికి ఎంత దూరమో, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారో అడుగు. చివరి ప్రశ్నకు యజమాని తడుముకుంటే ఎప్పుడూ చేయించలేదని అర్థం.

ఫోను సిగ్నల్ వాకిట్లో చూడకు. తలుపులు వేసి, నువ్వు కూర్చుని పనిచేయబోయే గదిలో, నీ ఫోనుతోనే చూడు. రెండు రోజులు ఇంటి నుంచి పని అనేది ఇంటర్నెట్ పనిచేస్తేనే. కరెంటు మీటరు విడిగా ఉందో, యజమాని మోటారుతో కలిసి ఉందో చూసుకో. కలిసి ఉంటే పొలానికి పారే నీళ్ల బిల్లు కూడా నీకే రావచ్చు. పైకప్పు మూలల్లో తేమ మరకలకు కొత్త సున్నం పూసి ఉంటే అనుమానించు. రోడ్డు నుంచి ఇంటికొచ్చే బాట ఎవరి స్థలంలోంచి పోతోందో కూడా కనుక్కో.

ఒప్పందంలో రాయించాల్సిన వాటిలో ముఖ్యమైనది నీటి మోటారు. అది కాలిపోతే ఎవరు బాగుచేయించాలి, ఎన్ని రోజుల్లోగా? పట్నంలో ఈ ప్రశ్న రాదు, పల్లెలో తప్పకుండా వస్తుంది. ఖాళీ చేయడానికి ఇద్దరికీ ఒకే గడువు ఉండాలి. దిగేరోజే గోడలు, కొళాయిలు, మీటరు అంకె ఫొటోలు తీసి యజమానికి కూడా పంపు, అడ్వాన్సు వెనక్కి తీసుకునేటప్పుడు వాదన ఉండదు.

మీ అమ్మ ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. 18 కిలోమీటర్ల దారిలో బండి ఆగిపోతే ఎవరినైనా పిలవవచ్చు, అరగంటలో వస్తారు. 41 కిలోమీటర్ల దారిలో నడిమధ్య ఆగితే అటూ ఇటూ దూరమే. అందుకని దూరపు ఇల్లే తీసుకునేట్టయితే, దారిలో ఉన్న ఊళ్లలో ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లను సంపాదించుకోవాలంటుంది మీ అమ్మ. చేరిన మొదటి వారంలోనే చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి పలకరించి రావాలట. పల్లెలో నువ్వు ఎన్నింటికి వచ్చావో అందరికీ తెలుస్తుందని నువ్వు విసుక్కుంటావని నాకు తెలుసు. రాని రోజు కూడా వాళ్లకే ముందు తెలుస్తుందన్నది ఆమె వాదన. ఈ విషయంలో నేను ఆమె పక్షమే.

నన్ను అడిగితే దగ్గరి వాటానే తీసుకోమంటాను. ఆఫీసు వెనక వైపు పల్లెల్లో ఇంకేమైనా దొరుకుతుందేమో చూశాకే సుమా. దూరపు ఇంటి యజమాని తొందరపెడుతున్నాడని రాశావు. తొందరపెట్టనివ్వు. నీళ్ల పరీక్ష ఫలితం రాకుండా, పనిరోజున ఒకసారి దారి చూడకుండా అడ్వాన్సు ఇవ్వకు. ఆ రెండూ అయ్యాక, బండి కిలోమీటరు ఖర్చు ఎంత వచ్చిందో నాకు రాయి. లెక్క నేనూ ఒకసారి వేసి చూస్తాను.

ఉంటాను,
మీ నాన్న