2024–25 వార్షిక నివేదిక: కానుగ నీడన పూలవనం

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన కాలనీవాసులకు నమస్కారం. మన సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కనుక, ఈ ఏడాది పార్కులో కానుగ, వేప చెట్ల కింద పెంచిన పూలవనం గురించే ప్రధానంగా నివేదిస్తున్నాను.

ఆ నీడలో పచ్చిక పెంచాలని గతంలో చేసిన ఖర్చంతా వృథా అయిన సంగతి సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఎండ తగలనిదే బతకని గడ్డికి బదులు, మన అడవుల్లో చెట్ల చాటున పెరగగల అడవినాభి, చెంగల్వకోష్టు, చిత్రమూలం, వాటితోపాటు కనకాంబరాలు, డిసెంబరాలు నాటాలని కార్యవర్గం తీర్మానించింది. రిజర్వు అడవిలో మొక్కలు పెకలించడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం కాబట్టి, నర్సరీల్లో కొన్నవి, సభ్యుల పెరళ్ళ నుంచి వచ్చినవి మాత్రమే నాటాము.

గుంటూరు నల్లరేగడిలో నీరు నిలిస్తే అడవినాభి దుంప కుళ్ళుతుంది. అలాగని చెట్టు చుట్టూ లోతుగా తవ్వితే పైపైన పాకే పీచువేళ్ళు తెగి చెట్టే దెబ్బతింటుంది. అందుచేత వేళ్ళ సందుల్లో చిన్న గుంతలు మాత్రమే తీసి, మాగిన ఆకు ఎరువు, ఇసుక కలిపి నింపి, పైన రాలిన ఆకులనే పరిచాము. ఇదివరకు కుప్ప పోసి తగలబెట్టిన కానుగాకే ఇప్పుడు నేల తేమను కాపాడుతోంది.

శ్రావణంలో అడవినాభి పూసింది. ఆకుల కొసలే నులితీగలుగా మారి కంచె తీగను చుట్టుకోగా, అడుగున పసుపు, పైన ఎరుపు ఉన్న రేకులు వెనక్కి విరుచుకుని దీపశిఖల్లా నిలబడ్డాయి. ఈ మొక్క, ముఖ్యంగా దాని దుంప, ప్రాణం తీసేటంత విషం గనుక పిల్లల ఆటస్థలానికి దూరంగా కంచె లోపల నాటి, హెచ్చరిక బోర్డు పెట్టాము. బోర్డు చదివి కూడా పూలు కోసుకుపోయేవారికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఏటా బస్సు కట్టించుకుని కొండవీడుకో మరో చోటికో వెళ్ళి చేసుకునే కార్తీక వనభోజనాలు ఈసారి మన పార్కులోనే జరిగాయని సగర్వంగా తెలియజేస్తున్నాను. కుండీలో ఉసిరి మొక్క తెచ్చి పూజ చేసి, ఊదారంగు డిసెంబరాలు విచ్చుకున్న మడుల పక్కనే విస్తళ్ళు వేశాము. పక్క వీధులవారు సైతం వచ్చి మొక్కల పేర్లు అడిగి రాసుకున్నారు. వంటల భారం మోసిన మహిళా సభ్యులకు, షామియానా ఉచితంగా వేయించిన సభ్యునికి, నారు ఇచ్చిన కుటుంబాలకు, అందరికంటే మిన్నగా ఉదయం సాయంత్రం మొక్కలను కనిపెట్టుకున్న వాచ్‌మన్ దంపతులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఆదివారం శ్రమదానానికి పేర్లిచ్చినవారితో పట్టిక నిండుగానే ఉంది. పనిలో మాత్రం ఎప్పుడూ అవే నాలుగైదు ముఖాలు. వనభోజనాల ఫొటోలో అందరూ ఉన్నారు. నీటి కనెక్షన్ కోసం పెట్టుకున్న అర్జీ సంబంధిత కార్యాలయంలో ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి మారుతూనే ఉంది. వెళ్ళినప్పుడల్లా సారు మీటింగులో ఉన్నారనే సమాధానమే వస్తోంది.

జమాఖర్చుల పట్టిక ప్రతులు సభ్యులకు ఇదివరకే అందాయి. ఆడిట్ పూర్తయింది, పార్కు నిధిలో స్వల్ప మిగులు ఉంది. చందా బకాయిలున్నవారు కోశాధికారి గారిని కలవగలరు.

రానున్న ఎండల్లో కనకాంబరాల మడి తడి ఆరకూడదు. అడవినాభి తీగ ఎండిపోయినా దుంప నేలలో బతికే ఉంటుంది. చచ్చిందనుకుని పలుగు వేస్తే దుంప పాయ కొసన ఉండే మొగ్గ విరిగి ఆ పాయ ఇక మొలవదు. అందుకే ఆ చోట్ల గుర్తుగా ఇటుకలు పాతించాము, వాటి మధ్య ఎవరూ తవ్వవద్దు, నీళ్ళు పోయవద్దు. జూన్ వరకు నీళ్ళ వంతుల పట్టిక ఈ సమావేశంలోనే తిరుగుతుంది. పేరు రాసేవారు ఏ వారం వస్తారో కూడా అందులో రాయవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి