ఆ ఒక్క పేజీ ఫొటో గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఆదివారం రాత్రి పదకొండు దాటాక తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక పేజీ ఫొటో తిరిగింది కదా, అది మన లైబ్రరీ పుస్తకమే. కొనిపించింది నేనే. సోమవారం గేటు దగ్గర ముగ్గురు ఆపి "పిల్లలకి దయ్యాల నవలలా మేడమ్?" అని అడిగారు.

ఆ పేజీ నిజంగానే భయంగా ఉంటుంది. ఊరు తగలబడి ఒంటరిగా మిగిలిన పిల్ల గుండెల మీద రోజూ రాత్రి ఒక నల్లటి నీడ ఎక్కి కూర్చుని, తనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ తినేస్తుంటుంది. కానీ పేజీ తిప్పితే ఒక నేతపని ముసలమ్మ వస్తుంది, రోజుకో పోగు వడికిస్తూ రోజుకో మాట చెప్పిస్తుంది, ఆ పిల్ల వాళ్ళమ్మ పేరు పైకి అనడానికి రెండొందల పేజీలు పడుతుంది. చివరికి కూడా నీడ చావదు, మంచం దిగి గడప దగ్గర కూర్చుంటుంది, అంతే. నాకు నచ్చింది అదే. ఒక్క వేటుకి దయ్యం చచ్చి అంతా బాగైపోయిందంటే దెబ్బ తిన్న పిల్లలు నమ్మరు. అయినా శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం కేసి నడిచే రాజు కథ చందమామలో నెలనెలా చదివి పెరిగినవాళ్ళం, మనకేమైంది?

మన బళ్ళో ఒక అమ్మాయి సంగతి చెప్తాను, తననీ వాళ్ళమ్మనీ అడిగే రాస్తున్నాను. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏ సీసా మూత తీసినా ఆ అమ్మాయి బయటికి వెళ్ళిపోయేది. ఎగ్గొడుతోందని రెండుసార్లు నేనే కేకలేశాను. ఈ నవల చదివాక తెలుగు మేడమ్‌కి నాలుగు పేజీలు రాసిచ్చింది: 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైనప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని లాక్కుంటూ పరిగెత్తడం, ఒక చెప్పు దారిలో జారిపోవడం, తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాటే ఎత్తకపోవడం. పన్నెండు మంది పోయారని మనకి అంకె గుర్తుంది, అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ వాసన గుర్తుంది. ఇప్పుడు ల్యాబ్‌లో కిటికీ పక్కన నిలబడుతోంది. పోయినవారం లిట్మస్ కాగితం రంగు మారడం అందరికంటే ముందు చూసింది తనే! ఎనిమిదో తరగతి కుర్రాడొకడు ఆ నీడకి గొడుగు పట్టినట్టు బొమ్మ వేశాడు, నా గదిలో అంటించాను, వచ్చినప్పుడు తప్పక చూడండి.

ఇక కొంచెం చనువుగా. పుస్తకం చూసి పిల్లలు జడుసుకుంటారేమోనన్న మీ బెంగ అర్థమైంది. అవే చేతుల్లో రాత్రి పన్నెండింటి దాకా ఫోను ఉంటోంది, యాక్సిడెంట్ల రీల్స్ చూస్తున్నామని పిల్లలే చెప్తున్నారు, మొదటి పీరియడ్‌లో ఆవలింతలు లెక్కపెట్టేది మేము. "ఏడవకు, మర్చిపో" అనే ముందు టీవీ కట్టేసి ఒక్క పది నిమిషాలు వినండి. నిద్రలో ఉలిక్కిపడుతున్నా, ఏదో ఒక చోటికి వెళ్ళనని మొండికేస్తున్నా నాకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మిగతావి: శనివారం ఆరో తరగతి వాళ్ళు బీచ్ రోడ్డుకి కురుసుర సబ్‌మెరైన్ చూడటానికి వెళ్తారు, సంతకం పెట్టిన కాగితం శుక్రవారం లోపు పంపండి. రెండో టర్మ్ ఫీజు పదో తారీఖు. వ్యాన్ గేటు ముందు బైకులు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలో నాకు తెలియట్లేదు.

నవల లైబ్రరీలోంచి తీయట్లేదు. ఆరు, ఏడు తరగతుల వాళ్ళకి ఇవ్వం, ఆ మాట ఒప్పుకుంటాను. మీలో చదవాలనుకునేవాళ్ళకి ఇంటికిస్తాం. ఉన్నవి రెండే కాపీలు, ఒకటి ఫొటో తీసినవారి ఇంట్లోనే ఉంది, గడువు పోయిన గురువారంతో అయిపోయింది.

మీ
హెచ్.ఎం.