పంకా తాడు

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? పిన్ని మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

పోయిన వారం హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ వెళ్తూ లూసియానాలో ఓక్ యాలీ అనే పాత చెరకు తోటల బంగళా దగ్గర ఆగాం. మిసిసిపీ నది ఒడ్డునే ఉంది. చెరకు తోటలు చూడగానే అనకాపల్లీ, మీ గానుగా, నువ్వూ గుర్తొచ్చారు. అందుకే ఈ ఉత్తరం.

నది వైపు నుంచి ఇంటిదాకా రెండు వరుసల్లో 28 ఓక్ చెట్లు. 800 అడుగుల దారి మీద ఎండ పడదురా! ఇంటి చుట్టూ స్తంభాలు కూడా సరిగ్గా 28. చెట్లు ఇంటికన్నా చాలా పాతవి. ఇల్లు మాత్రం 1837-39లో జాక్ రోమన్ అనే చెరకు ఆసామి కట్టించాడు. దూరం నుంచి పాలరాయి అనుకున్నాను. దగ్గరికెళ్తే ఇటుక, పైన తెల్లటి పూత. ఆ ఇటుకలు అక్కడే చేశారు, చేసింది బానిసలు. గోడలు 16 అంగుళాల మందం. నాలుగు వైపులా వరండాలు, ఎదురెదురుగా తలుపులు, కిటికీలు. ఉక్కపోత తెలిసినవాళ్లు కట్టిన ఇల్లని చూడగానే తెలుస్తుంది.

భోజనాల గదిలో బల్ల మీదుగా పైనుంచి పెద్ద చెక్క పలక వేలాడుతోంది, దానికో తాడు. దాన్ని అక్కడ కూడా పంకా అనే అంటారు, మన దేశం నుంచి వెళ్లిన మాటే! దొరలు తింటున్నంతసేపూ ఒక బానిస పిల్లాడు మూల నిలబడి ఆ తాడు లాగాలి. ఆ తాడు చూశాక నాకు స్తంభాల అందం మీద ధ్యాస నిలవలేదు.

ఆంత్వాన్ అనే తోటమాలి గురించి నీకు చెప్పి తీరాలి. అతనూ బానిసే. పీకాన్ అంటే అక్రోటు లాంటి పప్పు కాసే చెట్టు, దాని గింజ నాటితే తల్లి చెట్టు లాంటి కాయ రాదు. ఇతను 1846-47 చలికాలంలో ఒక మంచి చెట్టు నుంచి వచ్చిన కొమ్మలతో 16 చెట్లకి అంటు కట్టాడు, బతికాయి. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఆ కాయలకి బహుమతి వచ్చింది. ఈ రోజు వేసే పీకాన్ తోటల్లో చాలావరకు అంటు మొక్కలే కదా, ఆ విద్యకి దారి వేసినవాడు ఇతను. కానీ 1848లో యజమాని చనిపోయాక రాసిన ఆస్తి జాబితాలో, గొడ్డూ గోదా లెక్కతో పాటే, ఆంత్వాన్, 38 ఏళ్లు, వెయ్యి డాలర్లు అని ఉంది. ఇంటిపేరు లేదు.

వెనకాల బానిసల గుడిసెలు ఆరు మళ్లీ కట్టి పెట్టారు. అక్కడ గోడ మీద వాళ్ల పేర్లు రాసి ఉన్నాయి. మా అమ్మాయి ఒక్కొక్కటీ పైకి చదువుతూ నిలబడిపోయింది. బంగళాలో కన్నా అక్కడే ఎక్కువసేపు ఉన్నాం.

సంక్రాంతికి వస్తున్నాను. పీకాన్ పప్పులు తెస్తాను, నువ్వు కొత్త బెల్లం దాచి ఉంచు.

నీ
రవి